కేబులా, క్లౌడా అని అడిగిన మేనల్లుడికి

సింగ్‌నగర్, విజయవాడ
6-7-2025, తొలి ఏకాదశి

చిరంజీవి అల్లుడికి,

పొద్దున మీ అత్త పేలపిండి చేసి, నీకు ఇష్టమని రెండు మూడు సార్లు నిన్నే తలుచుకుంది. మీ అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గిందో లేదో రాయి.

మొన్న ఫోన్ చేసి, "మామయ్యా, పెళ్లివాళ్ల ఫోన్లలోకి ఫొటోలూ వీడియోలూ వెయ్యాలంటే క్లౌడ్ మంచిదా, కేబుల్ మంచిదా? ఒక్క ముక్కలో చెప్పు" అన్నావు. నేను "తర్వాత చెప్తాలే" అని పెట్టేశాను. కోపం తెచ్చుకోకు. అది ఒక్క ముక్కలో తేలే సంగతి అయితే పోయిన సెప్టెంబరులో నా కొట్టు మునిగినప్పుడు నేను అంత దిగులు పడేవాణ్ని కాదు. ఆషాఢం కదా, పెళ్లిళ్లు లేవు, తీరిక దొరికింది. ఫోన్‌లో చెప్తే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని కాగితం మీద పెడుతున్నా. మధిరలో కొత్తగా కొట్టు తెరిచావు, గోడకి అంటించుకోవడానికి స్థలం ఉంటుందిలే.

నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు రీలు కెమెరాలు. రీలుకి 36 ఫొటోలు, పెళ్లికి ఎనిమిదో పదో రీళ్లు. గవర్నర్‌పేటలో ల్యాబుకి పట్టుకెళ్లి కడిగించి, ప్రింట్లు ఆల్బమ్‌లో అతికించి పెళ్లివాళ్లకి ఇచ్చేవాళ్లం. నెగటివ్‌లు కవర్లో పెట్టి, మీద ఇంటిపేరూ తేదీ రాసి బీరువాలో దాచేవాళ్లం. ఇచ్చేది ప్రింటు, దాచేది నెగటివ్. రెండూ వేరని చూస్తేనే తెలిసేది. ఇప్పుడు ఒకే ఫైలు ప్రింటూ అదే, నెగటివూ అదే. అందుకని పంపించేస్తే దాచినట్టే అని, దాచేస్తే ఇచ్చినట్టే అని మనకి భ్రమ పుడుతోంది. నువ్వడిగింది ఇవ్వడం గురించి. ముందు అది చెప్తా. దాచడం గురించి నువ్వు అడక్కపోయినా చెప్తా.

ముందు కాస్త లెక్క వేద్దాం. నువ్వు లెక్కల్లో నాకంటే గట్టివాడివే గానీ, ఈ లెక్క ఎవరూ వెయ్యరు. ఒక మాదిరి పెళ్లికి ఫొటోలూ, పూర్తి వీడియో, పాటలు పెట్టి కట్ చేసిన చిన్న వీడియో కలిపి 40 జీబీ అనుకో. నీ కొట్టుకి పెట్టించిన నెట్ 100 ఎంబీపీఎస్ అని చెప్పి ఉంటారు. అందులో 'బీ' అంటే బైటు కాదు, బిట్టు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి వంద అని ఎంత గొప్పగా చెప్పినా సెకనుకి దిగేది పన్నెండున్నర ఎంబీ. అదీ దిగేటప్పటి మాట. ఎక్కించేటప్పుడు వేగం చాలాచోట్ల ఇంతకంటే తక్కువ, ఫోన్ డేటా అయితే మరీ తక్కువ. పైకి 10 ఎంబీపీఎస్ వస్తే 40 జీబీ ఎక్కడానికి సుమారు తొమ్మిది గంటలు పడుతుంది. సరే, రాత్రి పెట్టి పడుకుంటావు, తెల్లారేసరికి ఎక్కుతుంది. కానీ అక్కడితో పని అయిపోలేదు. ఆ 40 జీబీ అవతలివాళ్లు మళ్లీ దింపుకోవాలి. రోజుకి జీబీన్నర ప్యాక్ వేయించుకున్న పెళ్లికూతురి నాన్నకి, ఆయన వేరే ఏదీ చూడకుండా ఉంటే, అది ఇరవై ఏడు రోజుల పని!

అదే కేబుల్ పెట్టావనుకో. పాతకాలపు యూఎస్‌బీ 2.0 అయినా సరే, కాగితం మీద సెకనుకి 480 మెగాబిట్లు. నిజంగా చేతికొచ్చేది 30, 35 ఎంబీ. 40 జీబీకి ఇరవై నిమిషాలు, ఇంకాస్త. వాళ్లింట్లో ఇచ్చిన కాఫీ తాగి, ఆల్బమ్‌లో ఫలానా బాబాయి ఫొటో ఎందుకు లేదో సంజాయిషీ చెప్పుకునేలోపు అయిపోతుంది. నెట్ ఖర్చు లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, టవర్ అక్కర్లేదు. మనిషి ఎదురుగా ఉంటే, ఫోన్ అందుబాటులో ఉంటే, కేబుల్ తర్వాతే ఏదైనా.

అయితే కేబుల్ అన్నదే కేబుల్ కాదు. ఇది నేను సిగ్గుపడి నేర్చుకున్న పాఠం. కొన్నేళ్ల కిందట నూజివీడు దగ్గర పెళ్లివారింట్లో కూర్చుని గంటసేపు ల్యాప్‌టాప్‌ని ఆపి, మళ్లీ వేసి, ఫోన్‌ని ఆపి, మళ్లీ వేసి, డ్రైవర్లు లేవేమోనని నెట్ కోసం గోడ దాకా వెళ్లి నిలబడి, నానా తంటాలూ పడ్డాను. చార్జింగ్ మాత్రం ఎక్కుతోంది, ఫోన్ మాత్రం కంప్యూటర్‌లో కనపడదు. ఆఖరికి ఆ ఇంటి పదో తరగతి కుర్రాడు తన బల్ల సొరుగులోంచి ఇంకో వైరు తెచ్చి గుచ్చాడు. వెంటనే వచ్చింది. సంగతేమంటే, మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో నాలుగు తీగలుంటాయి. రెండు కరెంటువి, రెండు డేటావి. చౌకగా అమ్మే చార్జింగ్ వైర్లు కొన్నింట్లో ఆ రెండో జత ఉండదు. పైకి చూస్తే తేడా తెలియదు. నీ సంచిలో డేటా నడిచే కేబుల్‌కి ఎర్ర టేపు చుట్టుకో, దాన్ని చార్జింగ్‌కి ఎవరడిగినా ఇవ్వకు.

టైప్-సి వచ్చాక ఇంకో చిక్కు వచ్చింది. మొన అంతా ఒకటే, లోపల వేగాలు వేరు. 2023లో వచ్చిన ఐఫోన్ 15కి టైప్-సి పెట్టారు కదా, మామూలు 15లో వేగం ఆ పాత 480 మెగాబిట్లే. ప్రో రకంలో 10 గిగాబిట్ల దాకా పోతుంది గానీ పెట్టెలో వచ్చే కేబుల్ మళ్లీ పాత వేగానిదే. కారు కొన్నాక చక్రాలు విడిగా కొనుక్కోమన్నట్టు ఉందని నాకు నవ్వొచ్చింది.

ఆండ్రాయిడ్ ఫోన్‌కి కేబుల్ పెట్టగానే అది చార్జింగ్ మాత్రమే అనుకుంటుంది. తాళం తీయించి, పైనుంచి కిందికి లాగి, ఆ నోటిఫికేషన్‌లో ఫైల్ ట్రాన్స్‌ఫర్ నొక్కాలి. అప్పుడు ఫోన్ కంప్యూటర్‌కి కనపడేది పెన్‌డ్రైవ్‌లా కాదు, ఎంటీపీ అనే పద్ధతిలో. పాత ఫోన్లు మెమరీ కార్డుని మొత్తంగా కంప్యూటర్ చేతికి ఇచ్చేసేవి. ఇప్పటి ఫోను రేషన్ డీలర్‌లాగా తను కౌంటర్ వెనక నిలబడి ఒక్కొక్కటే తీసుకుంటుంది, ఒక్కొక్కటే ఇస్తుంది. మూడు వేల ఫొటోలు ఒకే ఫోల్డర్‌లో కుక్కితే బిగుసుకుపోతుంది. అందుకని నేను గౌరీపూజ, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు అని విడివిడి ఫోల్డర్లు చేస్తా. ఫొటోల పేర్లకి ముందు 0001, 0002 అని అంకెలు వేస్తా. ఎందుకంటే ఎడిట్ చేసి కాపీ కొట్టాక తేదీలు కొన్నిసార్లు తారుమారవుతాయి. ఒకసారి గ్యాలరీలో అప్పగింతలు ముందొచ్చి ముహూర్తం వెనకొచ్చింది. పెళ్లికొడుకు వాళ్ల మేనత్త అది అపశకునమని నన్ను పట్టుకుంది. ఏం చెప్తావు ఆవిడకి!

ఇంకో చిన్న కిటుకు. కాపీ చేసేటప్పుడు వాళ్ల కెమెరా ఫోల్డర్‌లో పడేయకు. చాలా ఫోన్లలో ఆ ఫోల్డర్ గూగుల్ ఫొటోస్‌కి తనంతట తనే ఎక్కిపోతుంటుంది. నువ్వు కేబుల్‌తో ఇచ్చి చేతులు దులుపుకుంటావు. వాళ్ల ఫోను ఆ రాత్రి వైఫై దొరగ్గానే పెళ్లి మొత్తాన్నీ పైకి ఎక్కించడం మొదలుపెడుతుంది. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. అది డ్రైవ్‌కీ, ఫొటోలకీ, జీమెయిల్‌కీ కలిపి. నిండిపోయిందా, మెయిల్స్ రావడం కూడా ఆగిపోతుంది. మా కస్టమర్ ఒకాయన కూతురి పెళ్లయిన నెలకి "నాకు బ్యాంకు మెయిల్స్ రావట్లేదు, నువ్వేం చేశావయ్యా" అని వచ్చాడు. నేను ఏమీ చెయ్యలేదు, ఫొటోలు తప్పు చోట పెట్టానంతే. అప్పట్నుంచీ పెళ్లి పేరుతో కొత్త ఫోల్డర్ విడిగా చేసి అందులోనే వేస్తున్నా.

పెన్‌డ్రైవ్ కూడా కేబుల్ జాతిదే. ఓటీజీ అడాప్టర్ పెట్టుకుని ఫోన్‌లోనే చూసుకుంటారు. దాంతో ఒక్కటే జాగ్రత్త. కొత్త పెన్‌డ్రైవ్‌లు కొన్ని ఫ్యాట్ 32 ఫార్మాట్‌లో వస్తాయి. దాంట్లో ఒక ఫైలు 4 జీబీ దాటితే ఎక్కదు. 64 జీబీ ఖాళీ ఉన్నా సరే, తొమ్మిది జీబీల పెళ్లి వీడియోని 'పెద్దదైపోయింది' అని తోసేస్తుంది. ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసుకో, గోల ఉండదు. చేసేముందు అందులో ఏమున్నాయో చూసుకో, అది చెప్పక్కర్లేదనుకుంటా.

ఐఫోన్ సంగతి క్లుప్తంగా. మన విండోస్ కంప్యూటర్‌కి గుచ్చితే దాంట్లోంచి ఫొటోలు తీసుకోనిస్తుంది గానీ, మనం లాగి పడేస్తే లోపలికి రానివ్వదు. టైప్-సి ఉన్న ఐఫోన్ అయితే పెన్‌డ్రైవ్ గుచ్చి ఫైల్స్ యాప్‌లోంచి తీసుకోమను. నీ దగ్గర మ్యాక్ ఉంటే ఎయిర్‌డ్రాప్. లేదంటే లింకు పంపు. దాంతో కుస్తీ పట్టకు.

వైరు లేకుండా దగ్గర్లో పంపడం ఒకటుంది, అది నీకు నాకంటే బాగా తెలుసు. ఒకప్పుడు షేర్‌ఇట్, జెండర్ లేని ఫోన్ ఉండేది కాదు. సినిమాలూ పాటలూ అన్నీ దాంట్లోనే చేతులు మారేవి. 2020 జూన్ 29న ప్రభుత్వం 59 చైనా యాప్‌లు నిషేధించినప్పుడు ఆ రెండూ పోయాయి. ఆ ఆగస్టులోనే గూగుల్ నియర్‌బై షేర్ తెచ్చింది, 2024లో శాంసంగ్ వాళ్లదానితో కలిపి క్విక్ షేర్ అని పేరు మార్చింది. బ్లూటూత్‌తో పక్క ఫోన్‌ని వెతుక్కుని, వైఫైతో పంపుతుంది. రెండు ఫోన్ల మధ్యే పోతుంది కాబట్టి నీ డేటా ఖర్చు కాదు. పెళ్లి మండపంలోనే ముహూర్తం ఫొటోలు పదో ఇరవయ్యో పెళ్లికొడుకు తమ్ముడి ఫోన్‌లో వెయ్యాలంటే దీన్ని మించింది లేదు. కానీ ఇరవై, ముప్పై జీబీలు దీనికి అప్పజెప్పకు. మధ్యలో ఎవరో ఫోన్ చేస్తారు, ఎత్తుకుని బయటికి నడిచి వెళ్తారు, అంతా మొదటికొస్తుంది. ఎయిర్‌డ్రాప్, క్విక్ షేర్ చాలాకాలం ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు. వియ్యపురాళ్లలాగా.

వాట్సాప్‌ని ఈ తగువులో దించకు. ఫొటోగా పంపితే అది నలిపేస్తుంది. నువ్వు పన్నెండు వేల రూపాయల లెన్స్‌తో తీసింది పన్నెండేళ్ల కిందటి ఫోన్‌తో తీసినట్టు అవుతుంది. 2023లో హెచ్‌డీ బటన్ వచ్చింది, కొంత నయం, అయినా అసలు ఫొటో కాదు. తప్పదనుకుంటే డాక్యుమెంట్‌గా పంపు, రెండు జీబీల దాకా ఉన్నదున్నట్టు పోతుంది. స్టేటస్‌లో పెట్టుకోవడానికి పది ఫొటోలు పంపడం వేరు, పెళ్లి అప్పజెప్పడం వేరు.

ఇక క్లౌడ్. నేను దాన్ని తిట్టడం లేదు. పెళ్లికూతురి అన్నయ్య డాలస్‌లో ఉంటాడు, సెలవు దొరక్క పెళ్లికి రాలేకపోతాడు. ఆయనకి ఇక్కణ్నుంచి ఎంత పొడవు కేబుల్ వేస్తావు? మన ఊళ్లలో అమెరికా మనిషి లేని పెళ్లి ఎక్కడుంది చెప్పు. అక్కడివాళ్లకి లింకు తప్ప దారి లేదు, అక్కడ నెట్ బాగుంటుంది కాబట్టి వాళ్లకి ఇబ్బందీ లేదు. కానీ మొత్తం 40 జీబీ ఎక్కించకు. ఏరిన రెండు వందల ఫొటోలూ, చిన్న వీడియో చాలు. మిగతావి వాళ్లు ఇక్కడికి వచ్చినప్పుడు హార్డ్ డిస్క్‌లో తీసుకుంటారు.

లింకు పంపేటప్పుడు మూడు సంగతులు మనసులో పెట్టుకో. డ్రైవ్‌లో ఫోల్డర్ మొత్తం దింపుకోమంటే అది జిప్ చేసి, పెద్దదైతే రెండేసి జీబీల ముక్కలు చేసి ఇస్తుంది. మన పెద్దవాళ్లకి జిప్ విప్పడం రాదు. 'ఫొటోలు రాలేదు' అని ఫోన్ వస్తే రాలేదని కాదు, విప్పలేదని అర్థం. రెండోది, నువ్వు పంపింది ఫొటోలు కాదు, నీ గది తాళంచెవి. నీ డ్రైవ్‌లో చోటు చాలక ఆ ఫోల్డర్ తీసేశావా, అక్కడ తలుపు తీస్తే ఖాళీ గది. నేను రెండు నెలలు ఉంచుతానని చెప్పి, ఆఖరి తేదీ మెసేజ్‌లో రాసి మరీ పంపుతున్నా. మూడోది అన్నింటికంటే ముఖ్యం. 'లింకు ఉన్న ఎవరికైనా' అని పెట్టి పంపితే అది కుటుంబం గ్రూపులో పడుతుంది, అక్కణ్నుంచి కాలనీ గ్రూపులో పడుతుంది. ఆ ఫోల్డర్‌లో నలుగు ఫొటోలుంటాయి, మంగళస్నానాల ఫొటోలుంటాయి. తడిబట్టలతో ఉన్న ఆడపిల్ల ఫొటో మనం ఆ ఇంటి మనుషులమని నమ్మి తీయనిచ్చారు, అల్లుడూ. వాటిని లింకులో పెట్టకు. కేబుల్‌తో ఆ పిల్ల ఫోన్‌లోనే వెయ్యి. ఇది సాంకేతికం కాదు, మర్యాద. రీలు కాలంలో ఆ ప్రింట్లు విడిగా కవరులో పెట్టి వాళ్లమ్మ చేతికే ఇచ్చేవాణ్ని.

కేబుల్‌కీ మర్యాద ఉంది. ఫోన్ కంప్యూటర్‌కి పెట్టాక అందులో అన్నీ కనపడతాయి. తాళం వాళ్లనే తీయమను. వాళ్ల ఎదురుగానే చెయ్యి. మనం వేసే ఫోల్డర్ తప్ప ఇంకోటి తెరవకు. 'ఫోన్ ఇక్కడ పెట్టి వెళ్తాం, రేపు తీసుకుంటాం' అంటే వద్దని చెప్పు. కొట్టుకి వచ్చే మంచిపేరు సగం ఇక్కడే వస్తుంది.

ఇప్పుడు నువ్వు అడగని సంగతికి వస్తా.

పోయినేడు ఆగస్టు 31న వానలు నీకు గుర్తుండే ఉంటాయి, మీ ఖమ్మంలో మున్నేరు కూడా పొంగింది. సెప్టెంబరు 1 తెల్లవారకముందే ఇక్కడ బుడమేరు వాగు నీళ్లు సింగ్‌నగర్‌లోకి వచ్చాయి. కట్టకి గండ్లు పడ్డాయని మాకు తర్వాత తెలిసింది. కొట్టు కింది అంతస్తులో ఉంది కదా. షట్టర్ తీసే వ్యవధి కూడా లేదు, మేం మేడ మీదికి ఎక్కాం. నాలుగు రోజులు పడవల మీద వచ్చిన అన్నం పొట్లాలు తిన్నాం. నీళ్లు తీశాక షట్టర్ ఎత్తితే బురద, వాసన. కంప్యూటర్, ప్రింటర్, లైట్లు సరే, కొనుక్కోవచ్చు. కింది అరలో వరసగా పెట్టిన ఆరు హార్డ్ డిస్కులు బురదలో ఇటుకల్లాగా ఉన్నాయి. పదకొండేళ్ల పెళ్లిళ్లు. బాగుచేసేవాళ్లకి చూపిస్తే ఒకదాంట్లోంచి సగం వచ్చాయి. ఆ ఒకటికే అయిన ఖర్చు విని మిగతావి అలాగే ఇంటికి తెచ్చేశాను. మీ అత్త పారేయమంటుంది. నాకు చేతులు రావు, ఇప్పటికీ అటక మీదే ఉన్నాయి.

రీలు కాలం నెగటివ్‌లు మాత్రం మిగిలాయి. బీరువా పైఅరలో ఉండబట్టి.

ఆ నవంబరులో మా వీధి అమ్మాయి ఒకతె వచ్చింది. పెళ్లయి ఏడాది. భర్త అమెరికాలో ఉంటాడు, ఆమెకి హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ. పెళ్లి ఫొటోలు పట్టుకెళ్లాలి, అడిగితే చూపించడానికి. వాళ్ల ఆల్బమ్ వరదలో ఉబ్బిపోయి ఆకులు అతుక్కుపోయాయి. వాళ్ల ఫోన్లో కేబుల్‌తో నేనే వేసిచ్చాను గానీ ఆ ఫోనూ నీళ్లలోనే పోయింది. నా డిస్కు సంగతి చెప్పాగా. మూడు చోట్ల ఉన్నాయనుకున్నాం, మూడూ ఒకే కాలనీలో ఉన్నాయి. ఆఖరికి నా డ్రైవ్ తెరిచి చూస్తే, వాళ్లాయనకి పంపిన లింకు ఫోల్డర్ తీసేయడం మర్చిపోయాను. అందులో 62 ఫొటోలు. ప్రింట్లు తీసి ఇచ్చాను. నా మతిమరుపు వల్ల ఆ పిల్ల గట్టెక్కింది. మతిమరుపుని నమ్ముకుని కొట్టు నడపకూడదు కదా. అదే వారంలో ఇంకొకరు వచ్చారు, వాళ్ల లింకు నేను చక్కగా గుర్తుపెట్టుకుని తీసేశాను. వాళ్లకి ఇవ్వడానికి ఏమీ లేదు. రెండుసార్లు వచ్చి వెళ్లారు. ఇప్పుడు ఎదురుపడితే నేనే తల దించుకుంటున్నా.

ఇది విని క్లౌడే దేవుడు అనుకుంటావేమో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను గాజువాకలో మీ పెద్దమ్మ వాళ్లింట్లో ఉన్నా. కరెంటు లేదు, రోజుల తరబడి సిగ్నల్ లేదు. పక్కింటి వాళ్ల రేకులు ఎగిరిపోతే ఫొటోలు తీశాను, నష్టం రాసుకునేవాళ్లు వస్తే చూపించుకుంటామన్నారు. ల్యాప్‌టాప్‌లో ఉన్న కాస్త చార్జింగ్‌తో, కేబుల్‌తో ఆయన ఫోన్‌లోకి ఎక్కించాను. ఆరోజు ప్రపంచంలో ఎంత పెద్ద సర్వర్ ఉండి ఏం లాభం, మా వీధి దాకా రాలేదు.

ఇంకో ప్రమాదం నీళ్లూ గాలీ లేకుండానే వస్తుంది. క్లౌడ్‌లో ఉందని ధీమాగా గూగుల్ ఫొటోస్ యాప్‌లో తీసేస్తాం. అందులో ఫోను, క్లౌడ్ ఒకే పుస్తకం. ఇక్కడ కొట్టేస్తే అక్కడా కొట్టేసినట్టే. ఫోన్ నిండిపోయిందని మీ మరదలి బారసాల ఫొటోలు నేనే ఆ యాప్‌లోంచి తుడిచేశాను. మూడు వారాలకి మీ అత్త అడిగితే వెతికాం, పైనా లేవు. పైకి ఎక్కిన ఫొటోలు చెత్తబుట్టలో 60 రోజులు ఉంటాయి కాబట్టి బతికాను, లేకపోతే ఈ ఉత్తరం రాయడానికి ఉండేవాణ్ని కాను. ఫోన్‌లో చోటు కావాలంటే ఆ యాప్‌లోనే 'ఫ్రీ అప్ స్పేస్' అని ఉంటుంది, అది ఫోన్‌లోది మాత్రమే తీస్తుంది. అలాగే పెళ్లి ఫొటోల కోసమని కొత్త జీమెయిల్ తెరిచి మళ్లీ ముట్టుకోని వాళ్లకి చెప్పు: రెండేళ్లు వాడని ఖాతాల్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి తీసేస్తోంది. పసుపు ఆరకముందు పెట్టిన ఫొటోలు పిల్లాడి అన్నప్రాశన నాటికి ఉండకపోవచ్చు.

నేను ఇప్పుడేం చేస్తున్నానో రాస్తా, నచ్చితే అలా చెయ్యి. మండపం నుంచి రాగానే కార్డులోంచి కంప్యూటర్‌లోకి కాపీ, ఎప్పుడూ కట్ కాదు. అంకె సరిపోయిందో, సైజు సరిపోయిందో చూసి, మొదటి ఫొటో, ఆఖరి ఫొటో, మధ్యలో ఒక వీడియో తెరిచి చూస్తా. రెండు డిస్కుల్లో పడేదాకా కార్డు ఫార్మాట్ చెయ్యను. ఒక డిస్కు కొట్టులో, తల ఎత్తి చూసేంత ఎత్తు అరలో. రెండోది నెలకోసారి గన్నవరంలో మీ అక్క వాళ్లింటికి వెళ్తుంది. ఏరిన ఫొటోలు క్లౌడ్‌లో. 100 జీబీకి నెలకి 130 రూపాయలు కడుతున్నా, కొట్టు ముందు టీ ఖర్చులో పోతుంది. ఎడిటింగ్ అయ్యాక పెళ్లివాళ్లింటికి వెళ్లి, ఇంట్లో ఉండేవాళ్లలో ఒకరి ఫోన్‌లో కేబుల్‌తో మొత్తం వేసి, పెన్‌డ్రైవ్ ఒకటి చేతిలో పెట్టి, దూరంలో ఉన్నవాళ్లకి లింకు పంపుతా. మూడు పనులకీ కలిపి ముందే రేటు చెప్తా. పెన్‌డ్రైవ్ డబ్బులు విడిగా అడిగితే ముఖం మాడ్చుకుంటారు, ప్యాకేజీలో కలిపితే ఎవరూ అడగరు. ఇది వ్యాపార రహస్యం, మధిరలో ఇంకో స్టూడియో వాళ్లకి చెప్పకు.

అన్నట్టు పెన్‌డ్రైవ్ తిరిగి నీ కంప్యూటర్‌కి పెట్టేముందు వైరస్ చూసుకో. పెళ్లిళ్ల సీజన్‌లో అవి ఎన్ని ఇళ్లు తిరిగొస్తాయో దేవుడికే తెలియాలి.

శ్రావణంలో నీ మొదటి ముహూర్తం ఏ రోజో రాయి. వీలైతే వస్తా, లైటు పట్టుకుని నిలబడతా. ఆర్టీసీ పార్సిల్‌లో పేలపిండి డబ్బా, దాంతోపాటు ఎర్ర టేపు చుట్టిన కేబుల్ ఒకటి పంపుతున్నా. డబ్బా మీ అమ్మకి ఇవ్వు. కేబుల్ ఎవరికీ ఇవ్వకు.

ఇట్లు,
మీ మామయ్య

తా.క. ఈ ఉత్తరం పోస్టులో వేస్తున్నా. నాలుగు పేజీలూ ఫొటో తీసి వాట్సాప్‌లో కూడా పెట్టాను, డాక్యుమెంట్‌గానే. అందిందో లేదో ఒక ఫోన్ కొట్టు.